కుక్కలు - తీపి తినుబండారాలు

మనుషులు తినే తీపి తినుబండారాలు కుక్కలకు తగిన ఆహారం కావు. వీటిలోని మామూలు చక్కెర నిదానంగా ఆరోగ్యాన్ని చెరుపుతుంది. చాక్లెట్, జైలిటాల్, ఎండుద్రాక్ష (కిస్‌మిస్) మాత్రం కుక్కలకు విషపదార్థాలు. ఇవి గంటలలో లేదా కొద్ది రోజులలో ప్రాణాపాయం కలిగించవచ్చును.

తీపి రుచి

కుక్క నాలుక తీపిని గుర్తించగలదు. పిల్లికి ఆ శక్తి లేదు. తీపిని గ్రహించే జన్యువులలో ఒకటి పిల్లి జాతిలో పనిచేయదని 2005లో తెలిసింది. మానవుని చెంత పెరిగిన కుక్కకు పిండిపదార్థాలను జీర్ణించుకొనే శక్తి తోడేలు కంటే ఎక్కువని 2013లో వెలువడిన జన్యు పరిశోధన తెలిపింది. అయితే ఇష్టంగా తిన్నదంతా ఒంటికి సరిపడుతుందని అనుకోరాదు.

చక్కెర, బెల్లం

ఒకటి రెండు గ్లూకోజు బిస్కట్ల వలన ఆరోగ్యంగా ఉన్న కుక్కకు వెంటనే ప్రమాదం రాదు. రోజూ పెడితే స్థూలకాయం, దంతవ్యాధులు కలుగుతాయి. మధుమేహం ఉన్న కుక్కకు ఇవి మరింత హానికరం. బెల్లం కూడా ఇందుకు మినహాయింపు కాదు. నేతి మిఠాయిలలోని అధికమైన కొవ్వు వలన క్లోమ గ్రంథి వాపు రావచ్చును.

చాక్లెట్

కోకో గింజలలో థియోబ్రొమిన్, కెఫీన్ అనే పదార్థాలు ఉంటాయి. థియోబ్రొమిన్‌ను కుక్క శరీరం చాలా నెమ్మదిగా విసర్జిస్తుంది. రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 17 గంటలు పడుతుంది. కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల వద్ద వాంతులు, విరేచనాలు, 40 దాటితే గుండె లయ తప్పడం, 60 వద్ద మూర్ఛ కనిపిస్తాయి. 10 కిలోల కుక్కలో తొలి లక్షణాలు కలగడానికి చాలే పరిమాణాలు సుమారుగా ఇవి:

* పాల చాక్లెట్ - 100 గ్రాములు
* నల్ల చాక్లెట్ - 40 గ్రాములు
* వంటలో వాడే తీపి లేని చాక్లెట్ - 15 గ్రాములు

తెల్ల చాక్లెట్‌లో థియోబ్రొమిన్ దాదాపు ఉండదు, కానీ కొవ్వు, చక్కెర ఎక్కువ.

జైలిటాల్

చక్కెర లేని చూయింగ్ గమ్ములు, కొన్ని టూత్‌పేస్టులలో దీనిని తీపి కోసం వాడుతారు. మనుషులకు ఇది హాని చేయదు. కుక్కలలో మాత్రం ఇన్సులిన్ ఒక్కసారిగా విడుదలై, రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. కిలో బరువుకు 0.1 గ్రాము ఇందుకు చాలును. 0.5 గ్రాము దాటితే కాలేయం దెబ్బతినవచ్చును. కనుక "చక్కెర లేనిది" కుక్కకు మేలన్న భావన ప్రమాదకరమైన పొరపాటు.

ఎండుద్రాక్ష

పాయసం, రవ్వకేసరి, లడ్డులలో వేసే ఎండుద్రాక్ష కొన్ని కుక్కలలో మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఎంత తింటే ప్రమాదమో ముందుగా చెప్పడం సాధ్యం కాదు. ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లం ఇందుకు కారణం కావచ్చునని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండులో కూడా ఈ ఆమ్లం అధికం.

తీసుకోవలసిన చర్యలు

కుక్క వీటిని తిన్నట్లు తెలిస్తే లక్షణాల కోసం వేచి ఉండరాదు. తిన్న పదార్థం, పరిమాణం, సమయం, కుక్క బరువు పశువైద్యునికి వెంటనే తెలుపవలెను. పదార్థం పొట్లం దొరికితే వెంట తీసుకొని వెళ్ళాలి. ఉప్పునీళ్ళు త్రాగించి వాంతి చేయించడం వలన ఉప్పే విషమై కుక్క మరణించవచ్చును.