యాస్నయా పొల్యానా: టాల్‌స్టాయ్ ఇల్లు

యాస్నయా పొల్యానా రష్యాలో తూలా నగరానికి దగ్గరలో, మాస్కోకు దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎస్టేటు. అడవి మధ్య వెలుతురు పడే ఖాళీ చోటు అని ఆ పేరుకు అర్థం. లియో టాల్‌స్టాయ్ 1828లో ఇక్కడే పుట్టాడు. 82 ఏళ్ల జీవితంలో 50 ఏళ్లకు పైగా ఇక్కడే గడిపాడు. ‘యుద్ధము-శాంతి’, ‘అన్నా కరెనినా’ నవలలు రాసింది ఇక్కడే. 1921 నుంచి ఇది ప్రభుత్వ మ్యూజియం.

ఈ భూమి 18వ శతాబ్దంలో టాల్‌స్టాయ్ తల్లి తరఫు వోల్కోన్‌స్కీ కుటుంబం చేతికి వచ్చింది. గుమ్మటాల ద్వారం, బిర్చ్ చెట్ల బాట, చెరువు, తోటలతో ఎస్టేటుకు రూపు తెచ్చినవాడు ఆయన తాత నికొలాయ్ వోల్కోన్‌స్కీ.

అయితే టాల్‌స్టాయ్ పుట్టిన ఇల్లు ఇప్పుడు లేదు. ఆయన సైన్యంలో ఉన్న రోజుల్లో, 1854లో, ఆ పెద్ద భవనాన్ని అమ్మేశారు. కొన్నవారు దాన్ని ఊడదీసి వేరే ఊరికి తరలించి కట్టుకున్నారు. అమ్మగా వచ్చిన డబ్బు టాల్‌స్టాయ్ పేకాటలో పోయింది. ఆ చోట చెట్లు పెరిగాయి. ముసలితనంలో టాల్‌స్టాయ్ ఒక లార్చ్ చెట్టు పైకొమ్మలు చూపించి, తాను పుట్టింది అంత ఎత్తులో ఉన్న గదిలోనని చెప్పేవాడు. నేడు సందర్శకులు చూసేది పాత భవనానికి పక్కన ఉన్న రెండు చిన్న ఇళ్లలో ఒకటి. 1862లో పెళ్లయ్యాక సోఫియాతో ఆయన కాపురం పెట్టింది ఇందులోనే. పిల్లలు పెరిగే కొద్దీ గదులు కలుపుతూ పోయారు. రెండో ఇంట్లో అంతకు ముందే, 1859లో, రైతుల పిల్లలకు బడి నడిపాడు.

లోపలి వస్తువులు చాలావరకు ఆ కుటుంబం వాడినవే. కింది అంతస్తులో కమాను కప్పు ఉన్న గది తాత కాలంలో సామాను కొట్టు. మాంసం వేలాడదీసిన ఇనుప కడియాలు ఇప్పటికీ ఆ కప్పుకు ఉన్నాయి. వాటి కిందే కూర్చుని టాల్‌స్టాయ్ ‘యుద్ధము-శాంతి’లో కొంత భాగం రాశాడు. చిత్రకారుడు రేపిన్ ఆయనను ఈ గదిలోనే చిత్రించాడు. రాత గదిలో నల్ల తోలు సోఫా ఒకటి ఉంది. టాల్‌స్టాయ్, ఆయన అన్నలు, చెల్లెలు, ఆయన పిల్లల్లో ఎక్కువ మంది పుట్టింది దాని మీదే. బల్ల మీద ఆకుపచ్చ గాజు దిమ్మ కనిపిస్తుంది. 1901లో రష్యన్ ఆర్థొడాక్స్ చర్చి ఆయనను వెలివేసినప్పుడు గాజు కర్మాగారపు కార్మికులు అభిమానంతో పంపిన కానుక అది. దాదాపు 40 భాషల్లో 22,000 పుస్తకాలు, పత్రికలు ఉన్న గ్రంథాలయాన్ని యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. భారతీయులకూ ఈ ఇంటితో ఒక బంధం ఉంది: 1908లో భారత విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌కు టాల్‌స్టాయ్ ఇక్కడి నుంచి రాసిన ‘ఒక హిందువుకు లేఖ’ గాంధీ చేతికి అందింది. గాంధీ దాన్ని గుజరాతీలోకి అనువదించాడు.

1910 నవంబరు 10 తెల్లవారుజామున టాల్‌స్టాయ్ తన వైద్యుణ్ణి వెంటబెట్టుకుని ఇల్లు విడిచి వెళ్లాడు. 20న అస్తాపొవొ రైల్వే స్టేషన్లో కన్నుమూశాడు. చివరిగా చదువుతున్న దొస్తొయెవ్‌స్కీ నవల ‘కరమజోవ్ సోదరులు’ రాత గదిలో తెరిచే ఉండిపోయింది.

ఈ ఇల్లు మ్యూజియం కావడానికి బీజం పడింది అప్పుడే. భర్త గదుల్లో వస్తువును వస్తువుగా సోఫియా ఉన్నచోటే ఉంచింది. చూడవచ్చినవారికి తనే దగ్గరుండి చూపించింది. భర్తతో చివరి ఏళ్లలో పడిన గొడవల గురించి రాసేవాళ్లు ఈ తొమ్మిదేళ్ల కాపలా సంగతి తరచూ మరిచిపోతారు. 1919లో ఆమె పోయాక చిన్న కూతురు అలెగ్జాండ్రా ఆ భారం ఎత్తుకుంది. తండ్రి రచనల ప్రచురణతో వచ్చిన సొమ్ముతో ఎస్టేటు భూమి కొని, ఆయన కోరిక ప్రకారం రైతులకు పంచింది కూడా ఆమే. 1921 జూన్ 10న సోవియట్ ప్రభుత్వం ఎస్టేటును జాతీయ ఆస్తిగా ప్రకటించి సంరక్షణను ఆమెకే అప్పగించింది. ఎస్టేటులోని బడిలో, మ్యూజియంలో మత వ్యతిరేక ప్రచారం చేయాలన్న ఒత్తిడి పెరగడంతో ఆమె 1929లో దేశం వదిలింది, మళ్లీ తిరిగి రాలేదు.

1941లో జర్మన్ సేనలు దగ్గరపడుతున్నప్పుడు మ్యూజియం బాధ్యత టాల్‌స్టాయ్ మనుమరాలు సోఫియా టాల్‌స్తాయా-యెసెనినాది. విలువైన వస్తువులను ముందే పెట్టెల్లో సర్ది పంపించారు. అవి సైబీరియాలోని తోమ్‌స్క్ చేరాయి. అక్టోబరు చివర నుంచి డిసెంబరు 14 వరకు, సుమారు నెలన్నర, ఎస్టేటు ఆక్రమణలో ఉంది. జర్మన్ సైనికులు వెళ్తూ వెళ్తూ ఇంటికి నిప్పు పెట్టారు. ఉద్యోగులు, ఊరివాళ్లు కలిసి ఆర్పారు. మరుసటి ఏడాదే మ్యూజియం మళ్లీ తలుపులు తెరిచింది. తోమ్‌స్క్ నుంచి వస్తువులు 1945లో తిరిగివచ్చి తమ చోట్లలో కుదురుకున్నాయి. ఈ విధ్వంసం న్యూరెంబర్గ్ విచారణలోనూ ప్రస్తావనకు వచ్చింది. 1994లో టాల్‌స్టాయ్ మునిమనుమడి కొడుకు వ్లాదిమిర్ డైరెక్టర్ అయ్యాడు. 2003లో ఎస్టేటు పేరిట సాహిత్య పురస్కారం మొదలైంది.

సమాధి ఇంటికి కొంత దూరంలో, అడవిలో ఒక లోయ అంచున ఉంది. మనుషులందరినీ సంతోషపెట్టే రహస్యం రాసిన ఆకుపచ్చ కర్ర అక్కడ పాతి ఉందని చిన్నప్పుడు అన్న నికొలాయ్ చెప్పిన కథ టాల్‌స్టాయ్ కడదాకా మరవలేదు. తనను అక్కడే పూడ్చమన్నాడు. ఆక్రమణ రోజుల్లో ఆ సమాధి చుట్టూ జర్మన్ సైనికుల శవాలు పాతిపెట్టారు. తరువాత వాటిని తీసి వేరేచోటికి తరలించారు. ఇప్పుడు అక్కడ ఉన్నది గడ్డి కప్పిన మట్టి దిబ్బ ఒక్కటే. శిలువ లేదు, పేరు లేదు.