ఒరిజినల్స్ ఇంకా నీ ఒళ్ళోనే ఉన్నాయి

టీవీలో డ్రాగన్ నిప్పు కక్కుతోంది. కోటగోడ కూలుతోంది. కత్తి పట్టుకున్న అమ్మాయి మంటల్లోంచి నీవైపే నడిచి వస్తోంది.

"అంతా మా స్టూడెంట్స్ వర్కే సార్," అంటాడు కౌన్సెలర్. మాట నాన్నతో, చూపు నీమీద.

పంజాగుట్టలో ఒక బిల్డింగు మూడో అంతస్తు. నీ ఒళ్ళో ప్లాస్టిక్ ఫోల్డరు. అందులో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, అన్నీ ఒరిజినల్స్. తెల్లారకముందే హన్మకొండలో బస్సెక్కారు నువ్వూ నాన్నా. ఎప్‌సెట్ ర్యాంకు ఉంది, ఎక్కడో ఒకచోట ఇంజనీరింగ్ సీటు వస్తుంది. నీకేమో గేములు చెయ్యాలని ఉంది. ఆడటం కాదు, చెయ్యడం. ఆ తేడా ఇంట్లోవాళ్ళకు చెప్పేసరికి వేసవి అయిపోయింది.

బ్రోషర్ తిప్పుతావు. గేమ్ ఆర్ట్, గేమ్ డిజైన్, యానిమేషన్, వీఎఫ్ఎక్స్ అన్నీ ఒకే పేజీలో, ఒకే కోర్సు కింద. ఇవన్నీ ఒకటేనా? కావని నీకు కొంచెం తెలుసు. ఆ కత్తి, ఆ కోట, ఆ అమ్మాయి ముఖం చేసేది ఆర్టిస్టు. ఆమె ఎంత దూరం దూకగలదు, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలి, ఆడేవాడు ఎక్కడ ఓడిపోవాలి అని తేల్చేది డిజైనర్. ఇద్దరి చదువూ వేరు.

"ఇందులో ఏది నేర్పుతారు సార్?"

"అన్నీ. పన్నెండు నెలల్లో."

నాన్న తల ఊపుతాడు. నువ్వు ఊపవు.

ఫీజు కాగితం ముందుకు జరుగుతుంది. 3,20,000. కింద చిన్న అక్షరాల్లో 18 శాతం జీఎస్టీ. అక్కడ ఆగు. చట్టం గుర్తించిన డిగ్రీ చదువుకు ఆ పన్ను పడదు. ఇక్కడ పడిందంటే చేతికొచ్చేది యూనివర్సిటీ పట్టా కాదన్నమాట. పట్టా లేకుండా గేముల్లో పని దొరకదా? దొరుకుతుంది, పనితనం చూసే తీసుకుంటారు. కానీ రేపు పీజీ చేయాలన్నా, విదేశీ వీసాకు పెట్టుకోవాలన్నా డిగ్రీ అడుగుతారు. కట్టేముందు తెలియాల్సిన సంగతి ఇది.

"ఇయ్యాల 25,000 కడితే 40 శాతం స్కాలర్‌షిప్ సార్. సాయంత్రం ఆరు దాకే."

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. దాని చుట్టూ ఫొటోలు, ఫొటోల కింద కంపెనీల లోగోలు. పోయిన బ్యాచ్‌లో అందరి పోర్ట్‌ఫోలియోలూ చూపించమని అడుగుతావు. ఆయన రెండు లింకులు పంపుతాడు. రెండూ బాగున్నాయి. మిగతావాళ్ళవి? "ప్రైవసీ ఉంటుంది కదా." ఆర్ట్‌స్టేషన్ సైట్‌లో పేజీ పెట్టుకున్నవాడు పది మందీ చూడాలనే పెట్టుకుంటాడు. దాచుకోవడానికి కాదు.

"ల్యాబ్ చూడొచ్చా సార్?"

"బ్యాచ్ నడుస్తోంది."

"నిలవడి సూస్తం," అంటాడు నాన్న, అప్పటికే లేచి.

పైఅంతస్తు. తలుపు తోస్తే వేడిగాలి ముఖానికి కొడుతుంది. వరసగా కంప్యూటర్లు, సగం ఆపేసి ఉన్నాయి. బోర్డు మీద ఎప్పటివో అక్షరాలు. పాఠం చెప్పే మనిషి లేడు. మూలన ఒకామె హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకుంటోంది. తెరమీద చెక్కపెట్టె, తుప్పు పట్టిన గొళ్ళెం, గీతలు పడిన రంగు. చాలా బాగుంది.

ఫోన్ మోగితే కౌన్సెలర్ పక్కకు వెళ్తాడు. నీకు దొరికింది ఈ రెండు నిమిషాలే. దగ్గరికి వెళ్ళు.

"అక్కా, ఒక్కసారి వైర్‌ఫ్రేమ్‌లో పెడతావా?"

ఆమె నీవైపు వింతగా చూసి, మీట నొక్కుతుంది. రంగులన్నీ మాయమవుతాయి. పెట్టె త్రిభుజాల గీతల గూడుగా మిగులుతుంది. ఇప్పుడు మౌస్‌తో దాన్ని తిరగేయమను. అడుగు భాగం, నేలకు ఆనే వైపు, ఆడేవాడికి ఎప్పటికీ కనబడనిది. అక్కడ గీతలు కిక్కిరిసి దాదాపు నల్లగా ఉంది.

అయితే ఏమవుతుంది? సినిమాలో అయితే ఏమీ కాదు. ఒక్క ఫ్రేమ్ తయారవడానికి గంటలు పట్టినా సినిమావాళ్ళు ఆగుతారు. గేము ఆగదు. నువ్వు బటన్ నొక్కగానే బొమ్మ కదలాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కోదానికి 16 మిల్లీసెకన్ల పైచిలుకు. కోట, వాన, శత్రువులు, ఈ పెట్టె అన్నీ ఆ లోపే గీయాలి. కనబడని అడుగుకు ఇన్ని త్రిభుజాలు తగలేస్తే ఆట తడబడుతుంది. మోడల్‌ని తక్కువ త్రిభుజాల్లోకి కుదించడం, దాని చర్మాన్ని విప్పి పరిచి యూవీలు వెయ్యడం, నగిషీని నార్మల్ మ్యాప్‌లోకి బేక్ చెయ్యడం, ఇంజిన్లో పెట్టి పరుగెత్తించడం: గేమ్ ఆర్ట్ అంటే ఈ పొదుపే. వీఎఫ్ఎక్స్ నేర్పే చోట బోర్డు మీద 'గేమింగ్' అని కలిపినంత మాత్రాన ఇది రాదు.

"ఎవరూ చెప్పలేదా అక్కా?"

"చెప్పే సార్ మానేశారు. యూట్యూబ్ చూసి చేశా." గొంతు తగ్గిస్తుంది. "స్టూడియోవాళ్ళు ఆర్ట్ టెస్ట్ ఇస్తారు. గడువు లోపల ఒక వస్తువు చేసి పంపాలి. మొన్న ఇక్కడే ఆపేశారు నన్ను."

ప్రోగ్రామింగ్ బ్యాచ్ ఎక్కడని అడుగుతావు. లేదట. ఏడాదంతా కలిపి ఒక్క గేమైనా పూర్తి చేశారా? లేదు. నువ్వు పదే పదే ఆడిన పోర్టల్ గుర్తుందా? అమెరికాలో రెడ్మండ్‌లోని డిజిపెన్ విద్యార్థులు 2005లో కలిసి చేసిన నార్బాక్యులర్ డ్రాప్ అనే చిన్న గేము చూసి, వాల్వ్ కంపెనీ ఆ జట్టు మొత్తాన్నీ పనిలోకి తీసుకుంది. 2007లో వచ్చిన పోర్టల్‌కు మూలం అదే. బొమ్మ వేసేవాళ్ళూ కోడ్ రాసేవాళ్ళూ ఒక గదిలో కూర్చుని పోట్లాడుకునే చోటు కావాలి నీకు. ఇక్కడ పోట్లాడటానికి రెండో మనిషే లేడు.

నాన్న ఇంకా ఆ గీతలనే చూస్తున్నాడు. ఆయనది వెల్డింగ్ షాపు. "మూల కాడ జాయింట్ సక్కగ కలవలే," అంటాడు వేలు పెట్టి. నిజమే. అక్కడ రెండు అంచులు కలవకుండా చీలి ఉన్నాయి. ఆమె ఉలిక్కిపడి దగ్గరికి జూమ్ చేస్తుంది.

"కిందికి రండి సార్!"

మళ్ళీ అదే కుర్చీ. అయిదుంబావు. ఈసారి బల్ల మీద కార్డు మిషను. పక్కన లోన్ ఫారం, నాన్న పేరు అప్పుడే రాసేశారు.

"ఈఎంఐ తక్కువే సార్. ఇక్కడొక సంతకం."

పెన్ను నాన్న చేతిలో ఉంది.

"ఇయ్యాల్నే కట్టాల్నా?"

"రేపు సీటుండదు సార్."

కౌన్సెలర్ చెయ్యి నీవైపు చాస్తాడు. "ఒరిజినల్స్ ఇచ్చేయండి. మా దగ్గర సేఫ్‌గా ఉంటాయి."

ఫోల్డరు బిగించి పట్టుకుంటావు.

ఇవ్వకు.

ఇస్తే ఎప్‌సెట్ పోతుంది. ఇంకో కాలేజీ పోతుంది. నచ్చకపోయినా ఇక్కడే.

గుర్తింపు ఉన్న కాలేజీలు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగివ్వాలని, దగ్గర పెట్టుకోకూడదని 2018లో యూజీసీ ఆదేశించింది. మానేస్తే ఫీజు వాపసుకూ అక్కడ నియమం ఉంది. ఇది కాలేజీయే కాదు. రేపు ఎవరిని అడుగుతావు?

"నాన్నా. వద్దు."

పెన్ను ఆగుతుంది.

"జిరాక్సులు ఇస్తాం సార్. ఫీజు వాపసు ఎప్పుడు, ఎంత అన్నది రాసివ్వండి."

ఆయన నవ్వడు. రాయడు. మిషను తనవైపు లాక్కుంటాడు.

కింద రోడ్డు మీద హారన్లు. ఇరానీ హోటల్లో నాన్న రెండు చాయ్‌లు చెప్తాడు. డాలస్ నుంచి పిన్ని ఫోన్. జరిగింది చెప్తావు. ఆమె తమ ఊరి సంగతి చెప్తుంది. అక్కడి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌తో సహా ఆ కాలేజీల గొలుసులో మిగిలిన ఎనిమిది క్యాంపస్‌లనూ 2023 సెప్టెంబరు 22న ప్రకటించి 30న మూసేశారు. చదువు మధ్యలో ఉన్నవాళ్ళు 1,700 మంది దాకా. ఉద్యోగాల లెక్కలతో విద్యార్థులను తప్పుదోవ పట్టించారని తేల్చి, మరుసటి ఏడు అమెరికా ప్రభుత్వం 3,17,000 మంది పాత విద్యార్థుల అప్పు 610 కోట్ల డాలర్లు రద్దు చేసింది. "మాకు ఎవరు రద్దు చేస్తరు?" అంటాడు నాన్న స్పీకర్లోకి వంగి.

నువ్వు ఫోన్లో వెతుకుతున్నావు. మాసబ్ ట్యాంక్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ యూనివర్సిటీ ఉంది, యానిమేషన్‌లో బీఎఫ్ఏ, ప్రవేశ పరీక్షతో. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది, బీడెస్, దానికి జనవరిలో యూసీడ్ రాయాలి, ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. అందులో ఒక గంట చేత్తో బొమ్మ గీసి, ఆలోచన చూపించే పరీక్ష. గేమ్ డిజైనే చదవాలంటే డిగ్రీ తర్వాత ఎన్ఐడీ బెంగళూరులో ఎండెస్ ఉంది. ఏదీ ఈ సాయంత్రం ఆరింటికి తీరేది కాదు. బ్లెండర్ సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ రాత్రికే దిగుతుంది, పైసా ఖర్చు లేకుండా.

"ముందు ఒకటి చేసి చూస్తా నాన్నా. మన షాపులో కటింగ్ మిషన్."

"ఎన్ని దినాలు?"

"రెండు వారాలు."

"ఎప్‌సెట్ ఆప్షన్లు గంతకన్న ముందే పెట్టాలె గద?"

"పెడతా. అదీ నడవనీ."

నాన్న చాయ్ సాసర్లో పోసుకుంటాడు. "మిషన్ కింది దిక్కు గీతలు ఎక్కువ పెట్టకు మరి."