సగటులో కనబడని పల్నాడు

వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థికి గణాంకశాస్త్రమున మొదట ఎదురగునది సగటు. అంకెలన్నింటిని కూడి, అవి ఎన్ని ఉన్నవో అంతచే భాగించిన సగటు వచ్చును. ఇంత సులువైన లెక్క ఒక సీమ కష్టమునెల్ల ఎట్లు మరుగుపరచగలదో చూపుటకై మేము పల్నాటి చరిత్రను ఎన్నుకొంటిమి.

1832-33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను ఘోరక్షామము కబళించినది. సుమారు ఐదు లక్షల జనులలో లక్షన్నర మొదలు రెండు లక్షల వరకు మడిసిరని అంచనా. అటుపిమ్మట సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలమున 1852-55 నడుమ బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. తెనాలి, రేపల్లె ప్రాంతములు మాగాణి అయినవి. ఆనకట్టకు ఎగువనున్న మాచర్ల, గురజాల ప్రాంతములు కృష్ణ ఒడ్డుననే ఉండియు మెట్టగా మిగిలినవి. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడగా, ఈ రెండు సీమలును ఒకే జిల్లా లెక్కలోనికి చేరినవి.

ఇప్పుడొక ఉదాహరణ కల్పించుకొందము. అట్టి జిల్లాలో ఐదు గ్రామములున్నవి. నూరెకరములకు నీరుపారు నేల వరుసగా 90, 80, 5, 0, 0 ఎకరములు. మొత్తము 175, సగటు 35. కాని 35 ఎకరములు పారు గ్రామము ఒక్కటియు లేదు! అంకెలను వరుసగా పేర్చి నడిమిదానిని చూచిన 5 కనబడును, అది మధ్యగతము. మాటిమాటికి వచ్చునది 0, అది బాహుళకము. పెద్దదానికిని చిన్నదానికిని గల అంతరము 90, అది వ్యాప్తి. సగటును నమ్మి మెట్ట ఊరిలో వరి ఎరువుల అంగడి తెరచిన వర్తకుడు నష్టపోవును. సగటును నమ్మి ఈ జిల్లాకు నీటికొరత లేదనుకొన్న పాలకుని తప్పునకు మెట్టరైతు నష్టపోవును.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. 1967 ఆగస్టులో కాల్వలకు నీరు వదలిరి. కుడికాల్వ పల్నాటి పొలములకు వచ్చినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు ప్రత్యేక జిల్లా అయినది. ఇక సీమకు తన సగటు తనకున్నది. అయినను కాల్వక్రింది పొలమును, కాల్వ ఎక్కని మెట్టయు అందులో మరల ఒకటిగా కలిసియే ఉన్నవి.

కావున విద్యార్థులారా, సగటు చేతికందిన వెంటనే, అది ఎవరిని ఎవరితో కలిపినదో అడుగుడు.