పట్టా లోపలి పగులు

మన బడి గంట నిజానికి గంట కాదని మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. చెట్టుకొమ్మకు వేలాడదీసిన మూరెడు రైలు పట్టా ముక్క. అటెండరు ఇనుప కడ్డీతో కొడితే ఊరి చివరిదాకా ఖంగున మోగేది. పగులున్న ఇనుము అలా మోగదు, బొంగురుగా పలుకుతుంది. 30 ఏళ్లుగా నేను చేస్తున్న పనీ ఇంచుమించు అదే. పట్టాను పలికించి, లోపల పగులుందో లేదో వినడం.

పైకి కనిపించే పగులును కీమ్యాన్ పట్టుకుంటాడు. లోపలిదాని సంగతేమిటి? 1911 ఆగస్టు 25న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని మాంచెస్టర్ దగ్గర లీహై వ్యాలీ రైలు వంతెన మీద పట్టాలు తప్పి 29 మంది పోయారు. విరిగిన పట్టా తలభాగం లోపల అడ్డంగా పగులు పెరిగి ఉంది. ఉక్కు చల్లారేటప్పుడు అందులో చిక్కుకున్న హైడ్రోజన్ ఇలాంటి పగుళ్లకు బీజమని తేలడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. గైరో దిక్సూచితో పేరుపొందిన ఎల్మర్ స్పెరీ 1928లో ఒక తనిఖీ బండిని తెచ్చాడు. పట్టా గుండా కరెంటు పంపి, పగులు దగ్గర అయస్కాంత క్షేత్రం చెదరడాన్ని అది పసిగట్టేది. ధ్వనితో చూడటం తర్వాతి మాట. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ తన రిఫ్లెక్టోస్కోపుకు 1942లో పేటెంటు పొందాడు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మన లైన్ల మీద ఈ పని తోపుడు బండితో జరిగేది. నీళ్ల డబ్బా, ప్రోబులు, చిన్న తెర, అంతే. ప్రోబుకూ పట్టాకూ మధ్య నీటిపొర లేకపోతే ధ్వని లోపలికి దిగదు. మీటరుకు 60 కిలోలు తూగే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. నిటారుగా పంపిన ధ్వని అడుగును తాకి తిరిగి రావడానికి సుమారు 58 మైక్రోసెకన్లు. తలలోని అడ్డ పగుళ్ల కోసం 70 డిగ్రీల కోణంలో పంపాలి. తెర మీద గీత లేచి పడిపోతుంది. చూసినవాడి కంట్లో తప్ప ఎక్కడా మిగలదు. మిట్టమధ్యాహ్నం ఎండలో, అన్ని కిలోమీటర్లు నడిచాక, ఆ కంటిని ఎంతని నమ్మాలి?

ఆ గీతను దాచిపెట్టడానికే కంప్యూటర్ కావలసి వచ్చింది. 1992లో వచ్చిన పీసీ/104 ప్రమాణం పుణ్యమా అని అరచేతిలో ఇమిడే బోర్డులు దొరికాయి. ఒకదానిపై ఒకటి పిన్నులతో పేర్చుకోవచ్చు. లెక్కలు చేయడం దానికి కష్టం కాలేదు, బతకడమే కష్టమైంది. వేసవిలో పట్టా వేడి 60 డిగ్రీలు దాటుతుంది. పాత లైన్లలో 13 మీటర్లకో అతుకు, అతుక్కో కుదుపు. మా మొదటి పెట్టె రెండో రోజే మూగబోయింది. విప్పి చూస్తే మెమరీ కార్డు గాడిలోంచి పైకి లేచి ఉంది. ఆ గాడిని ఎంచింది నేనే. తర్వాత మెమరీని బోర్డుకే టంకం వేశాం, హార్డ్ డిస్కు బదులు ఫ్లాష్ పెట్టాం, ఫ్యాను తీసేసి వేడిని పెట్టె గోడల్లోకి మళ్లించాం.

బండి నడిపే పెద్దాయన ఒకరు, "సార్, ఇది పట్టాను చూడటానికా, నన్ను చూడటానికా?" అని అడిగాడు. నవ్వేశాను గానీ జవాబు చెప్పలేకపోయాను. ఆ చలికాలమే, ఆయన పరీక్షించిన చోట తెల్లవారుజామున పట్టా విరిగింది. కీమ్యాన్ చూసి రైలును ఆపించాడు కాబట్టి సరిపోయింది. నింద పెద్దాయన మీద పడింది. రికార్డు తెరిచాం. అక్కడ ఆయన రెండుసార్లు బండి నడిపాడు. రెండుసార్లూ అడుగు నుంచి రావలసిన ప్రతిధ్వని రాలేదు. పెచ్చులూడిన పైభాగం ధ్వనిని లోపలికి పోనివ్వలేదు. ఆ మాట ఆయన నోటుబుక్కులోనూ ఉంది, ఎవరూ చదవలేదు.

ఆయన బయటపడ్డాడు. నేను మాత్రం విచారణలో ఇంకో మాట ఒప్పుకోవలసి వచ్చింది. ప్రతిధ్వని రాని ఆ చోటును మా పెట్టె 'పగులు లేదు' కిందే లెక్కవేసింది. తర్వాతి నమూనాలో అలాంటి చోట కూత పెట్టి, 'పరీక్ష జరగలేదు' అని చూపేలా మార్చాం.