దర్బన్‌లో నేర్చుకున్న పాఠం

"పరీక్షకు రాదని ఏ పాఠమూ వదలొద్దురా" అనేవారు మన సాంఘికశాస్త్రం అయ్యవారు. నేను ఒకటి వదిలేశాను. జస్టిస్ పార్టీ మంత్రివర్గాల పాఠం అది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ బాకీ దర్బన్‌లో తీర్చుకోవాల్సి వచ్చింది.

ఇంజనీరుగా అక్కడ పనిచేసే రోజుల్లో ఒక తెలుగు పెద్దాయన తన ముత్తాత ఓడ కాగితం నకలు చూపించారు. జిల్లా ఉత్తర ఆర్కాడు, తాలూకా పుంగనూరు. మదనపల్లె నుంచి బస్సెక్కితే గంట ప్రయాణమని చెబితే ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయనకు వచ్చిన తెలుగు నాలుగు మాటలే. "కూర్మా రెడ్డి నాయుడు గారి గురించి మీ పిల్లలకు చెబుతారా?" అని ఇంగ్లీషులో అడిగారు. తల దించుకున్నాను.

తర్వాత కూర్చుని చదివాను. కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1875లో పుట్టారు. గోదావరి ప్రాంతపు న్యాయవాది. 1920లో మద్రాసు రాష్ట్ర తొలి మంత్రివర్గంలోని ముగ్గురిలో ఒకరు. 1929లో శ్రీనివాస శాస్త్రి గారి తర్వాత దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ఏజెంటుగా వెళ్ళారు. దేశమే పరాధీనం కనుక రాయబారి అన్న పేరు లేదు, పని మాత్రం అదే. 1860 నుంచి 1911 దాకా నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారి సంతతి తరఫున అక్కడి ప్రభుత్వంతో మాట్లాడాలి. వెనక సైన్యం లేదు, ఓటు లేదు. చేతిలో ఉన్నది 1927 నాటి కేప్‌టౌన్ ఒప్పందం ఒక్కటే. ట్రాన్స్‌వాల్‌లో ఆసియావాసుల భూమి హక్కులను బిగించే చట్టం 1932లో రానే వచ్చింది. అయితే ఆయన అక్కడ ఉన్న కాలంలోనే, 1931లో, అక్కడి తెలుగువారు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు.

తిరిగొచ్చాక 1936లో కొన్ని నెలలు మద్రాసుకు తాత్కాలిక గవర్నరు. 1937 ఎన్నికల్లో 215 స్థానాలకు 159 గెలిచిన కాంగ్రెసు, గవర్నరు జోక్యం చేసుకోరన్న హామీ లేనిదే పదవి వద్దంది. ఏప్రిల్ 1న ఈయన ప్రధానమంత్రి అయ్యారు. మెజారిటీ లేని ఆ మంత్రివర్గం జూలై 14న రాజాజీకి దారి ఇచ్చింది. ప్రజలు ఓడించిన పక్షం తెల్లవారి ప్రాపుతో కుర్చీ ఎక్కిందన్న నింద మిగిలింది. అది అన్యాయమని నేననను. కానీ ఆ మూడున్నర నెలలే గుర్తుపెట్టుకుని, సముద్రం అవతల చేసిన మూడేళ్ళ చాకిరీని మరవడం కూడా న్యాయం కాదు. అణ్ణామలై విశ్వవిద్యాలయంలోనూ శాస్త్రి గారి తర్వాతే ఉపకులపతి అయి, 1942లో కన్నుమూశారు.

ఆ ఓడ కాగితంలోని ఊరికి వెళ్ళి అడిగాను. ఎవరికీ ఏమీ తెలియదు. స్వర్ణోత్సవ వేళ పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే: మన ఇళ్ళల్లో ఓడెక్కి తిరిగిరానివారి పేర్లు అవ్వాతాతలు ఉండగానే అడిగి రాసిపెడదాం. అవతల ఇంకా మన ఊరి పేరు తలుచుకునేవాళ్ళున్నారు.