గది మనది, గోడ ఎవరిది?

ప్రతి ఏడూ ఆగస్టు వచ్చేసరికి అమెరికాలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో పెళ్ళి పనుల్లాంటి హడావిడి మొదలవుతుంది. అమ్మాయినో అబ్బాయినో కాలేజీలో దింపి రావాలి. బెడ్‌షీట్లు, టేబుల్ లైట్లు, గోడకి అంటించే కొక్కేలు, మంచం కింద పట్టే ప్లాస్టిక్ పెట్టెలు, బుల్లి ఫ్రిజ్జు... సారె పెట్టినట్టు వ్యాను నిండిపోతుంది. మామూలు ట్విన్ మంచం పొడవు 75 అంగుళాలైతే డార్మ్ మంచాలు చాలావరకు 80 అంగుళాలు. అంచేత ఇంట్లో ఉన్నవి పనికిరావు, అన్నీ కొత్తవి కొనాల్సిందే. మా ఇంట్లో ఈ ముచ్చట 2024లో జరిగింది. కొలతల టేపు పట్టుకుని వెళ్ళిన తండ్రిని నేనొక్కణ్ణే అనుకున్నాను. అదే వరండాలో మరో ముగ్గురు కనిపించారు. ముగ్గురూ మనవాళ్ళే!

ఆ తర్వాత ఊరికే ఉండలేక ఈ డార్మ్ గదుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. గది సర్దుకోవడమంటే కర్టెన్ల రంగు గురించిన గొడవ అనుకునేవాణ్ణి. చదివేకొద్దీ దాని వెనక ఇంకో పెద్ద తగువు కనిపించింది. ఆ గదిలో ఎవరికి చోటు? చోటు దొరికాక ఆ గోడ మీద ఎవరి మాట చెల్లుతుంది? ఈ సంచిక చదువుతున్న మనలో చాలామందికి ఆ తగువులో కొంత భాగం అనుభవమే కనుక నాకు తెలిసింది మీతో పంచుకుంటున్నాను.

అమెరికాలో బాగా పేరున్న విద్యార్థి గదులు వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. థామస్ జెఫర్సన్ స్వయంగా గీసిన నమూనాతో కట్టారు. 1825లో చదువులు మొదలయ్యాయి. 'లాన్' అని పిలిచే పచ్చిక మైదానానికి రెండు వైపులా వరసగా 54 గదులు, ఒక్కో గదికీ కట్టెల నిప్పుగూడు. ఆ గదులు ఊడ్చి, కట్టెలూ నీళ్ళూ మోసినవాళ్ళు బానిసలుగా ఉన్న నల్లజాతి మనుషులు. వాళ్ళు రోజూ ఆ గదుల్లోకి వెళ్ళారు కానీ ఆ గోడల మీద వాళ్ళ గుర్తంటూ ఏదీ మిగల్లేదు. ఆ మనుషుల కోసం అక్కడ స్మారకం కట్టేసరికి 2020 వచ్చింది.

ఆ పక్క వరసలో 13వ నంబరు గదిలో 1826లో ఎడ్గార్ ఎలన్ పో ఉండేవాడు. చలికి తట్టుకోలేక సామాను విరిచి పొయ్యిలో వేశాడని ఓ కథ చెబుతారు. నిజమో కాదో కానీ గదిలో ఉన్న వస్తువుకి అంతకంటే గొప్ప వాడకం ఉండదనిపిస్తుంది. లాన్ గదులకి ఇవాళ్టికీ లోపల స్నానాల గది లేదు. తువ్వాలు భుజాన వేసుకుని ఆరుబయట నడిచి వెళ్ళాలి. అయినా నాలుగో సంవత్సరం విద్యార్థులు ఆ గది కోసం పోటీ పడతారు. 2020లో ఒక విద్యార్థిని తన తలుపు మీద విశ్వవిద్యాలయాన్ని ఘాటుగా తిడుతూ పెద్ద బోర్డు పెట్టింది. పూర్వ విద్యార్థులు గగ్గోలు పెట్టారు. అది వాక్ స్వాతంత్ర్యం కిందికి వస్తుంది, తీయించలేం అన్నది యాజమాన్యం. చూడండి, జెఫర్సన్ కట్టించిన తలుపు మీదే ఈ తగువు!

ఇక హార్వర్డ్. అక్కడ పందొమ్మిదో శతాబ్దం చివరికి ఒకే కాలేజీలో రెండు లోకాలు తయారయ్యాయి. 'యార్డ్' లోపలి పాత భవనాల్లో పై అంతస్తులకి నీళ్ళ గొట్టాలు కూడా లేవు. పక్కనే మౌంట్ ఆబర్న్ వీధిలో ప్రైవేటు వ్యాపారులు ఆవిరి వెచ్చదనం, సొంత స్నానాల గదులతో భవనాలు కట్టి ధనవంతుల పిల్లలకి అద్దెకిచ్చారు. ఆ వీధికి 'గోల్డ్ కోస్ట్' అని పేరు పడింది. ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ 1900 నుంచి 1904 దాకా అక్కడే వెస్ట్‌మోర్లీ కోర్టులో ఉన్నాడు. స్నేహితుడు లాత్రాప్ బ్రౌన్‌తో కలిసి ఒక హాలు, రెండు పడకగదులు, ఒక స్నానాల గది. కర్టెన్లు, తివాచీల గురించి తల్లికి ఉత్తరాలు రాశాడు. తల్లి సారా పూనుకుని అన్నీ అమర్చింది. మన వ్యాను నింపే తల్లులకి ఆవిడ పూర్వీకురాలన్నమాట! ఆ గదుల్ని ఈమధ్య ఆనాటి సామానుతో తిరిగి అలంకరించి భద్రపరిచారు.

ఈ తేడా తర్వాత హార్వర్డ్ అధ్యక్షుడైన లోవెల్‌కి నచ్చలేదు. డబ్బున్న పిల్లలు ఓ వీధిలో, లేనివాళ్ళు ఇంకో చోట బతికితే అది ఒక కాలేజీ ఎలా అవుతుందన్నది ఆయన వాదన. ఎడ్వర్డ్ హార్క్‌నెస్ అనే దాత ఇచ్చిన సొమ్ముతో 1930లో 'హౌస్'లు తెరిచారు. రూజ్వెల్ట్ ఉన్న భవనం కూడా అలాంటి ఒక హౌస్‌లో కలిసిపోయింది. అయితే ఇదే లోవెల్ అంతకు ముందు, 1920ల మొదట్లో, నల్లజాతి విద్యార్థుల్ని మొదటి సంవత్సరం డార్మ్‌లలోకి రానివ్వనన్నాడు. పెద్ద గొడవై 1923లో ఆ పద్ధతి మార్చాల్సి వచ్చింది. సమానత్వం అనే మాటకి కూడా ఎక్కడో ఒక గోడ ఉంటుందని ఈయన్ని చూస్తే తెలుస్తుంది.

మరి మనవాళ్ళ సంగతి? 1913లో భీమ్‌రావ్ అంబేద్కర్ న్యూయార్క్‌లో దిగి, కొలంబియా విశ్వవిద్యాలయపు లివింగ్‌స్టన్ హాలులో నావల్ భతేనా అనే పార్సీ యువకుడితో కలిసి ఉన్నారు. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది. అదే అంబేద్కర్ 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళితే తల దాచుకోవడానికి గది దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు చెప్పుకుని చేరారు. మేడ మీద పాత సామాను పడేసిన హాలు, పక్కనే చిన్న పడకగది, కరెంటు దీపం లేదు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని జనం వచ్చి వెళ్ళగొట్టారు. ఊళ్ళో ఇంకెవరూ చోటివ్వలేదు. బొంబాయి రైలు వేళ దాకా ఓ తోటలో కూర్చున్నారు. పరాయి దేశంలో దొరికిన గది సొంత దేశంలో దొరక్కపోవడం గురించి ఆయన తర్వాత స్వయంగా రాశారు. డార్మ్ గది గురించి చదువుతూ ఈ సంగతి దాటుకుని ముందుకి వెళ్ళడానికి నాకు చాలాసేపు పట్టింది.

అలాగని అమెరికాలో అందరికీ తలుపులు తీసే ఉన్నాయనుకోకండి. బర్క్‌లీలో విదేశీ విద్యార్థులకి, నల్లవాళ్ళకి ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళు తక్కువ. అన్ని దేశాల వాళ్ళూ ఒకే కప్పు కింద ఉండే 'ఇంటర్నేషనల్ హౌస్' కడతామంటే అభ్యంతరం చెబుతూ 800 మందికి పైగా పోగయ్యారు. రాక్‌ఫెల్లర్ డబ్బుతో న్యూయార్క్‌లో 1924లో తెరిచిన ఇంటర్నేషనల్ హౌస్ అప్పటికే ఉంది కనుక హ్యారీ ఎడ్మండ్స్ పట్టు వదల్లేదు. 1930లో బర్క్‌లీ ఇల్లు తెరిచారు.

మన వైపు కథ ఇంకో రకం. ఊరు దాటి చదువుకోవడమంటే ఒకప్పుడు వారాలు చేసుకోవడమే. రోజుకో ఇంట్లో భోజనం, ఎవరిదో ఒక అరుగు మీద పడక. తర్వాత కులాల పేరు మీద హాస్టళ్ళు లేచాయి. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. తర్వాత నగర కొత్వాలు అయిన రాజా బహద్దూర్ వెంకట్రామారెడ్డి గారు దానికి మూలపురుషుడు. సురవరం ప్రతాపరెడ్డి గారు దాని నిర్వహణ చూశారు. చుట్టాలూ, చోటూ లేని పట్నంలో తెలంగాణ పల్లెల పిల్లలు చదువుకోగలిగారంటే ఇలాంటి హాస్టళ్ళు ఒక ముఖ్య కారణం. అయితే కులం పేరుతో తెరుచుకున్న తలుపు మిగతావాళ్ళకి మూసుకునే ఉంటుంది కదా, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఆ కాలం నుంచి నేను ఇంజనీరింగు చదివిన 1990ల దాకా మన హాస్టల్ పిల్లవాడి అసలు గది ట్రంకు పెట్టె. మంచం కింద ఉంటుంది, తాళం ఉంటుంది. మూత ఎత్తితే లోపలివైపు దేవుడి బొమ్మ, పక్కనే సినిమా హీరో, టైమ్ టేబులు. హాస్టల్ గోడకి మేకు కొట్టకూడదని వార్డెన్ గారి ఆజ్ఞ. పెట్టె మూత మీద ఆయన అధికారం చెల్లదు!

మళ్ళీ అమెరికాకి వద్దాం. ఇవాళ మన పిల్లలు ఉండే గది ఆకారం జెఫర్సన్ నుంచి కాదు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చింది. 1944లో చేసిన జి.ఐ. బిల్లుతో మాజీ సైనికులు కాలేజీల మీద పడ్డారు. 1947లో కాలేజీలో చేరినవాళ్ళలో 49 శాతం వాళ్ళే. రేకుల షెడ్లలో, ట్రైలర్లలో, వ్యాయామశాలల్లో మంచాలు వేశారు. 1950 గృహనిర్మాణ చట్టంతో ప్రభుత్వం డార్మ్‌లు కట్టుకోవడానికి కాలేజీలకి తక్కువ వడ్డీకి దీర్ఘకాలిక అప్పులివ్వడం మొదలుపెట్టింది, మొదటి విడతలోనే 30 కోట్ల డాలర్ల దాకా. అప్పు తీర్చాలంటే తక్కువ ఖర్చులో ఎక్కువ మంచాలు పట్టాలి. పొడుగాటి నడవా, రెండు వైపులా ఒకే కొలత గదులు, కాంక్రీటు ఇటికల గోడ మీద నేరుగా రంగు, గోడలో భాగంగానే బల్లా అల్మారా. సాఫ్ట్‌వేరు భాషలో చెప్పాలంటే ఒకే క్లాసు, వెయ్యి ఆబ్జెక్టులు! మంచం జరపడానికి వీల్లేదు. విద్యార్థికి మిగిలింది గోడ ఒక్కటే. అరవైల, డెబ్భైల పోస్టర్ల మోజుకి ఈ కదలని సామాను కూడా ఒక కారణమని నా అనుమానం.

అందరూ ఇలాగే కట్టారనలేం. ఎం.ఐ.టి.లో ఫిన్లాండ్ వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్టో కట్టిన బేకర్ హౌస్ 1949లో పూర్తయింది. చార్లెస్ నది ఒడ్డున పాములా వంపులు తిరిగిన భవనం. వంపు వల్ల ఎక్కువ గదులకి నది ఏటవాలుగా కనిపిస్తుంది. ఒక్కో అంతస్తులో 43 గదులు, 22 రకాల ఆకారాలు. పక్క గదివాడు సర్దుకున్నట్టు మన గది సర్దుకోలేం. అది ఇబ్బందా, వరమా అంటే నేను వరమనే అంటాను.

గోడ మీద పెత్తనం మళ్ళీ బిగుసుకోవడానికి కారణం నిప్పు. 2000 జనవరి 19న న్యూజెర్సీలో సీటన్ హాల్ విశ్వవిద్యాలయపు డార్మ్ తగలబడి ముగ్గురు మొదటి సంవత్సరం విద్యార్థులు చనిపోయారు. యాభైమందికి పైగా గాయపడ్డారు. ఆ భవనంలో స్ప్రింక్లర్లు లేవు. ఆ ఏడే న్యూజెర్సీ రాష్ట్రం డార్మ్‌లన్నింట్లో అవి పెట్టాలని చట్టం చేసింది. గోడకి వేలాడే గుడ్డలు, హాలోజెన్ దీపాలు, కొవ్వొత్తులు, అగరొత్తులు కూడదని ఇవాళ నిబంధనల పుస్తకంలో కనిపిస్తే విసుక్కోకండి. ఆ ముగ్గురి గురించి చదివాక మా ఇంట్లో దీపారాధన గురించి వాదన మానేశాం. ఇత్తడి ప్రమిదలో బ్యాటరీ దీపం పెట్టి పంపాం. మా అమ్మ మాత్రం ఫోన్లో విని, "దానికి నూనె ఎక్కడ పోస్తార్రా?" అంది.

2000ల మొదట్లో ఎమ్మెస్‌కి వచ్చిన నా తరానికి ఈ నిబంధనలేవీ తెలియవు. డార్మ్ ఖరీదు మా అందుబాటులో లేదు. రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో ఐదుగురం. మే నెల చివర్లో ఖాళీ చేసి వెళ్ళేవాళ్ళు వీధి పక్కన పెట్టిన పరుపులే మా ఫర్నిచరు. పాల డబ్బాలు పెట్టే ప్లాస్టిక్ క్రేట్లు మాకు సీనియర్ల నుంచి వారసత్వంగా వచ్చాయి. 13 అంగుళాల పొడవు, అంతే వెడల్పు, 11 ఎత్తు. రెండు పేరిస్తే కుర్చీ, నాలుగు పేర్చి పలక వేస్తే కంప్యూటర్ బల్ల, అడ్డంగా పడుకోబెడితే పుస్తకాల అర. నేను తర్వాత కొన్న ఏ ఫర్నిచరూ ఇన్ని పనులు చెయ్యలేదు. గోడ మీద ఇండియన్ గ్రోసరీ వాళ్ళిచ్చిన వెంకటేశ్వరస్వామి కేలండరు. డిసెంబరు దాటినా తియ్యలేదు, దేవుణ్ణి చెత్తబుట్టలో వెయ్యడానికి ఎవరికీ చేతులు రాక. అలా మూడేళ్ళ కేలండర్లు ఒకదాని మీద ఒకటి ఉండేవి.

ఇప్పుడు సామానుకి లోటు లేదు. లోటు వచ్చినదల్లా కిటికీకే. 2016లో శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఛార్లీ మంగర్ అనే కోటీశ్వరుడు 20 కోట్ల డాలర్లిస్తాను, నా నమూనాతోనే కట్టాలన్నాడు. సుమారు 4,500 మందికి ఒకే భవనం, పడకగదుల్లో 94 శాతానికి కిటికీ లేదు, బదులుగా కృత్రిమ వెలుగు. సలహాదారుగా ఉన్న వాస్తుశిల్పి రాజీనామా చేశాడు, దేశమంతా గోల అయింది. 2023లో ఆ ప్రణాళిక వదిలేశారు. మా అమ్మాయి గదికి కిటికీ ఉంది. కింద కార్ల పార్కింగు తప్ప ఏమీ కనిపించదు, అయినా సంతోషించాను.

దింపి వచ్చిన రోజు నేనూ మా ఆవిడా మంచం ఏ గోడకి ఉండాలన్న దాని మీద అరగంట వాదించుకున్నాం. వాస్తు, వెలుతురు, ప్లగ్ పాయింటు, అన్నీ లెక్కలోకి వచ్చాయి. రెండు వారాల తర్వాత వీడియో కాల్‌లో చూస్తే మంచం ఎదురు గోడకి ఉంది. పక్కన రూమ్మేటు తెచ్చిన పోస్టరు, దాని కింద మా బ్యాటరీ ప్రమిద. పోస్టరులో గిటారు పట్టుకున్న ఆ మనిషెవరో నాకు తెలియదు. మా ఆవిడ అడగబోతే నేనే వద్దన్నాను.