నొప్పి చిరునామా వెతికిన సూది

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసివ్వమని మన కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫార్మసిస్టుగా పనిచేసి 2009లో పదవీ విరమణ చేసినవాణ్ణి. కథలూ కవితలూ నాకు చేతకావు. మందుల సంగతైతే నాలుగు మాటలు చెప్పగలను. అందుకని నా చేతుల మీదుగా వేల సీసాలు వెళ్లిన ఒక మందు చరిత్రను ఎంచుకున్నాను. దాని పేరు లిగ్నోకెయిన్. పన్ను పీకేముందు చిగురుకు వేసే తిమ్మిరి సూది ఇదే. జైలోకెయిన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది.

మా స్టాకు రిజిస్టరులో అది ఆపరేషన్లకూ కుట్లకూ వాడే మందు, అంతే. దానితో జబ్బు ఎక్కడుందో కనిపెట్టవచ్చునని, ఒక్కొక్కప్పుడు ఏళ్లనాటి నొప్పిని తగ్గించవచ్చునని నాకు తెలిసింది 2015లో. అదీ మా ఆవిడ పుణ్యాన.

ఆమెకు 2004లో గర్భసంచి తీసేశారు. ఆపరేషను బాగానే జరిగింది. కొన్ని నెలల తర్వాత మచ్చకు కుడి కొసన, కొంచెం పైగా, నొప్పి మొదలైంది. వంగి ముగ్గు వేస్తే పొడిచినట్టు, బిందె ఎత్తితే లాగినట్టు ఉండేది. ఎందరో డాక్టర్లకు చూపించాం. స్కానింగులు, ఎండోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ చేయించాం. అన్నిటిలోనూ ఏమీ లేదనే వచ్చింది. ఒకరు గ్యాస్ అన్నారు, మరొకరు అతుకులు అన్నారు. ఒక పెద్ద ఆసుపత్రిలో, పేరు అనవసరం, ‘ఈ వయసు ఆడవాళ్లకు మనసులో బెంగ ఉంటే ఇలాగే ఉంటుంది’ అని నిద్రమాత్రలు రాశారు. వారిని అనడం దేనికి? నేను మాత్రం ఏం చేశాను? ఇంట్లో రానిటిడిన్, ఒమెప్రజోల్ పట్టీలు తెచ్చిపెట్టి, ‘నువ్వు దాని గురించి ఆలోచించడం మానెయ్, అదే పోతుంది’ అని పదకొండేళ్లు చెప్పాను. మందుల మనిషినని నా మాట ఆమె నమ్మింది కూడా.

చివరికి చూసిన డాక్టరుగారు చిన్నవాడు. నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమన్నాడు. ఆమె చూపించింది. అక్కడే తన వేలు ఉంచి, ‘అమ్మా, చేతులు ఆనించకుండా తల, భుజాలు పైకెత్తండి’ అన్నాడు. ఎత్తేసరికి నొప్పి తగ్గకపోగా ఎక్కువై మా ఆవిడ ‘అమ్మో’ అంది. ఆయన ముఖం విప్పారింది. నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆయన చెప్పిన కారణం ఇది. లోపలి అవయవం నొప్పి అయితే పొట్ట కండరం బిగిసినప్పుడు అది కవచంలా అడ్డుపడి నొప్పి తగ్గుతుంది. కండరం బిగించినా ఎక్కువవుతోందంటే, నొప్పి పొట్ట లోపల లేదు, పొట్ట గోడలోనే ఉంది. ఫిలడెల్ఫియాలో కార్నెట్ అనే సర్జను 1926లో రాసిపెట్టిన పరీక్ష ఇది. ఖర్చు ఒక్క పైసా లేదు. పదకొండేళ్లలో ఎవరూ చేయలేదు.

ఆ తర్వాత ఆ వేలు పెట్టిన చోటనే కొద్దిపాటి లిగ్నోకెయిన్ ఎక్కించి, బయట బల్ల మీద పదిహేను నిమిషాలు కూర్చోమన్నాడు. పది నిమిషాలకే మా ఆవిడ లేచి వంగింది, మళ్లీ వంగింది. ‘ఏమండీ, లేదండీ’ అంది. అక్కడే ఏడ్చేసింది.

ఇంటికి వచ్చాక ఈ మందు పుట్టుపూర్వోత్తరాలు చదవడం మొదలుపెట్టాను. ఉద్యోగంలో ఉండగా అంత ఓపిక లేకపోయింది.

కథ కోకా ఆకుతో మొదలవుతుంది. దక్షిణ అమెరికా కొండల్లోని జనం అలసట తెలియకుండా నమిలే ఆకు అది. అందులోని సారాన్ని 1860 ప్రాంతంలో జర్మనీలో నీమన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు విడదీసి కొకెయిన్ అని పేరు పెట్టాడు. నాలుక మీద వేస్తే మొద్దుబారుతుందని కూడా రాశాడు. రాసినా దాన్ని ఇరవై ఏళ్లకు పైగా ఎవరూ పట్టించుకోలేదు. 1884లో వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్, తర్వాత మనస్తత్వ శాస్త్రంలో ప్రసిద్ధుడైన ఆయనే, కొకెయిన్ మీద పరిశోధన చేస్తూ, మధ్యలో పెళ్లాడబోయే అమ్మాయిని చూడడానికి ఊరు వెళ్లాడు. ఆయన మిత్రుడు కార్ల్ కోలర్ కంటి వైద్యం నేర్చుకుంటున్న కుర్రడాక్టరు. కళ్లకు ఆపరేషన్లు తెలివి ఉండగానే, నొప్పి భరిస్తూ చేయించుకునే రోజులవి. నాలుక మొద్దుబారితే కన్ను ఎందుకు మొద్దుబారదు అని కోలర్‌కు తట్టింది. కప్ప కంట్లో వేసి చూశాడు, తర్వాత తన కంట్లోనే వేసుకుని గుండుసూది తలతో తాకి చూసుకున్నాడు. సెప్టెంబరు 15న హైడెల్‌బర్గ్‌లో కంటి డాక్టర్ల సభలో ఈ సంగతి ప్రకటించారు. ప్రయాణానికి డబ్బులేక కోలర్ వెళ్లలేకపోతే ఆయన వ్యాసాన్ని వేరొకరు చదివి వినిపించారు. (మన హైదరాబాదులో లారీ డాక్టరుగారి చొరవతో క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నవి కూడా ఆ దశాబ్దంలోనే, 1888, 1889లలో. అది మనిషిని పూర్తిగా నిద్రపుచ్చే మందు సంగతి కాబట్టి దాని జోలికి పోను.)

కొకెయిన్‌తో చిక్కు ఏమిటో అందరికీ తెలుసు. అమెరికాలో హాల్‌స్టెడ్ అనే మహా సర్జను నరానికి కొకెయిన్ సూది వేసే పద్ధతిని తన మీదా మిత్రుల మీదా ప్రయోగించుకుని దానికే బానిసయ్యాడు. వ్యసనం కాని మందు కోసం వెతగ్గా, జర్మనీలో ఐన్‌హార్న్ తయారుచేసిన ప్రొకెయిన్ 1905లో వైద్యంలోకి వచ్చింది. దాని వ్యాపారనామం నోవోకెయిన్. లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో లోఫ్‌గ్రెన్, లుండ్‌క్విస్ట్ తయారుచేశారు. 1948 నుంచి అది జైలోకెయిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇవన్నీ చేసే పని ఒక్కటే. నరం పొరలో సోడియం లోపలికి పోయే సన్నని ద్వారాలుంటాయి. వాటిని కాసేపు మూసేస్తే నొప్పి వార్త మెదడుకు చేరదు.

ఇంతవరకు మా పాఠాల్లో ఉన్నదే. లేనిది 1925 నాటి పొరపాటు.

జర్మనీలో ఫెర్డినాండ్ హునెకే అనే డాక్టరు తన సొంత చెల్లెలి పార్శ్వపు నొప్పిని ఎన్ని మందులతోనూ తగ్గించలేకపోయాడు. అటోఫానిల్ అనే ఇంజెక్షను నరానికి ఇచ్చి చూద్దామనుకున్నాడు. ఆ మందు రెండు రకాలుగా దొరికేది. నరానికి వేసేది వేరు. కండకు వేసేది వేరు, సూది నొప్పి తెలియకుండా అందులో ప్రొకెయిన్ కలిపేవారు. ప్రొకెయిన్ నరానికి వేయకూడదని అప్పటి నియమం. హునెకే చేతికి వచ్చింది కండకు వేసే రకం. చూసుకోకుండా నరానికి ఎక్కించాడు. సూది తీసేలోపే చెల్లెలి తలనొప్పి పోయింది. ఫార్మసిస్టునైన నాకు ఇది చదువుతుంటే చెమట పట్టింది. ఒక పెట్టెలో బదులు ఇంకో పెట్టెలోది తీసి ఇవ్వడం మా వృత్తిలో పెద్ద నేరం. హునెకే గొప్పతనం ఆ పొరపాటులో లేదు. దాన్ని కప్పిపుచ్చకుండా, గుణం ఇచ్చింది ఏదా అని తమ్ముడు వాల్టర్‌తో కలిసి విచారించి, అది ప్రొకెయినే అని 1928లో ప్రకటించడంలో ఉంది.

1940లో ఆయనకు ఇంకో వింత ఎదురైంది. భుజం నొప్పితో వచ్చిన ఒకామెకు భుజం దగ్గర ఎన్ని సూదులు వేసినా తగ్గలేదు. కొన్నాళ్లకు ఆమె కాలి మీది పాత ఎముక జబ్బు మచ్చ దురద పెడుతోందని వచ్చింది. ఆ మచ్చ చుట్టూ ప్రొకెయిన్ వేయగానే, భుజం నొప్పి అప్పటికప్పుడు పోయింది. అక్కడినుంచి హునెకే ఒక సిద్ధాంతం అల్లాడు. ఒంట్లో పాత మచ్చలు, పుచ్చుపళ్లు, టాన్సిల్స్ ఎక్కడో దూరాన జబ్బులు పుట్టిస్తాయని, ఆ చోట మొద్దుబారిస్తే సెకన్లలో నయమవుతాయని అన్నాడు. ఆ పద్ధతిని న్యూరల్ థెరపీ అంటారు. జర్మనీలోనూ స్విట్జర్లాండ్‌లోనూ ఇప్పటికీ చేసేవారున్నారు. నా మట్టుకు నేను అంతదూరం పోలేను. ఒకరికో పదిమందికో తగ్గింది కాబట్టి జబ్బులన్నీ మచ్చల్లోనే ఉన్నాయంటే నమ్మడం కష్టం, దానికి గట్టి రుజువులు కూడా రాలేదు. ప్రొకెయిన్‌కే ఇంకో పిచ్చి పట్టింది. రుమేనియాలో అనా అస్లాన్ అనే డాక్టరమ్మ 1950లలో దాన్నే గెరోవిటాల్ పేరుతో ముసలితనం రాకుండా చేసే మందుగా ప్రచారం చేసింది. పెద్ద పెద్దవాళ్లు వెళ్లి వేయించుకున్నారు. ముసలితనం మాత్రం ఎవరికీ ఆగలేదు. మన సభ్యులెవరైనా ఆశపడతారేమోనని చెబుతున్నాను.

ఇదే కాలంలో నిదానంగా నడిచినవారూ ఉన్నారు. అమెరికాలో జానెట్ ట్రావెల్ అనే డాక్టరమ్మ కండరాల్లో ముట్టుకుంటే నొప్పి పుట్టే బిందువులను వెతికి ప్రొకెయిన్ వేసేది. 1955 నుంచి కెన్నెడీ నడుంనొప్పికి ఆమే చూసేది. 1961లో ఆయన అధ్యక్షుడయ్యాక ఆయన వైద్యురాలిగా వైట్ హౌస్‌లో చేరింది. ఆ పదవి పొందిన మొదటి మహిళ ఆమె. అయితే ఆ ఏడాది సూదులు మరీ ఎక్కువైపోతున్నాయని తోటి డాక్టర్లు అభ్యంతరం చెప్పి, కెన్నెడీ చేత వ్యాయామాలు మొదలుపెట్టించారు. జాన్ బొనికా ఇంకో రకం మనిషి. కుస్తీలు పట్టి చదువుకుని మత్తు డాక్టరయ్యాడు. కుస్తీ దెబ్బలతో జీవితమంతా తానే నొప్పులు పడ్డాడు. యుద్ధకాలంలో గాయపడిన సైనికులకు నరాల్లో సూదులు వేస్తూ నేర్చుకున్నదంతా 1953లో పెద్ద గ్రంథంగా రాశాడు. ఏ నరాన్ని మొద్దుబారిస్తే నొప్పి పోతుందో చూస్తే, నొప్పి ఏ దారిన వస్తోందో తెలుస్తుంది. సూదిని పరీక్షగా వాడడమంటే ఇదే.

ఇందులో ఒక మోసం ఉంది. సూది పడగానే, అందులో ఏమున్నా, కొందరికి తగ్గుతుంది. దీన్ని పట్టుకోవడానికి ఆస్ట్రేలియాలో బొగ్‌డుక్ బృందం 1990లలో ఒక ఉపాయం చేసింది. మెడనొప్పి ఉన్నవారికి ఒకసారి త్వరగా దిగిపోయే లిగ్నోకెయిన్, ఇంకోసారి ఎక్కువసేపు ఉండే బుపివకెయిన్, ఏది ఎప్పుడో చెప్పకుండా వేశారు. చిన్న మందుకు కొద్దిసేపు, పెద్ద మందుకు ఎక్కువసేపు ఉపశమనం ఉందంటేనే ఆ కీలుదే నొప్పి అని లెక్క. మా ఆవిడ జబ్బుకూ ఇలాంటి పరీక్ష జరిగింది. పొట్ట గోడలో నరం నొక్కుకుపోయిందని అనుమానమున్న 48 మందిని నెదర్లాండ్స్‌లో రెండు సమభాగాలు చేసి, సగానికి లిగ్నోకెయిన్, సగానికి ఉప్పునీరు వేశారు. ఫలితం 2013లో వచ్చింది. మందు వేసిన 24 మందిలో 13 మందికి, ఉప్పునీరు వేసిన 24 మందిలో నలుగురికి నొప్పి బాగా తగ్గింది. ఆ నలుగురినీ మరిచిపోకూడదు. అలాగే, మందు పడినా తగ్గని పదకొండుమందినీ.

ఇంకొక్క మాట, పాత వృత్తిధర్మం కొద్దీ. రెండు శాతం లిగ్నోకెయిన్ 30 మిల్లీలీటర్ల సీసాలో 600 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. సాదా మందు మనిషి బరువులో కిలోకు 3 మిల్లీగ్రాముల లోపు అని మా లెక్క, అంటే యాభై కిలోల మనిషికి 150. మోతాదు దాటినా, పొరపాటున రక్తనాళంలోకి పోయినా నాలుక తిమ్మిరి, చెవుల్లో హోరు, తర్వాత ఫిట్లు రావచ్చు, గుండె ఆగవచ్చు. తెలిసిన కాంపౌండరు ఉన్నాడని ఇంటికి పిలిపించుకుని వేయించుకునే సూది కాదు ఇది.

మా ఆవిడకు మొదటి సూది తర్వాత ఆ రాత్రికే నొప్పి తిరిగి వచ్చింది. నేను నీరుగారిపోయాను. ‘మందు దిగింది, నొప్పి వచ్చింది. చిరునామా సరైనదే’ అన్నాడు ఆ డాక్టరు. నాలుగు నెలల్లో ఇంకో మూడుసార్లు వేశాడు. ఒక్కోసారి ఉపశమనం ముందటి కంటే ఎక్కువ రోజులు ఉంది. గంటా రెండు గంటల్లో దిగిపోయే మందుకు అన్ని రోజుల ఫలితం ఎందుకని అడిగాను. ‘రకరకాలుగా చెబుతారు సార్, ఖాయంగా ఎవరూ చెప్పలేరు’ అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇప్పుడు ఆమెకు చలికాలంలో ఎప్పుడైనా కలుక్కుమంటుంది తప్ప ముగ్గులు తానే వేస్తోంది.

అతుకులని, గ్యాసని, బెంగని రాసిన ఆ పదకొండేళ్ల కాగితాల ఫైలు అటక మీద ఉంది. మొన్న సంక్రాంతికి ఇల్లు సర్దుతూ పాత పేపర్ల వాడికి వేసేద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు. ‘ఉండనివ్వండి, మీరు రాసిచ్చిన చీటీలు కూడా అందులోనే ఉన్నాయి’ అంది.